ములాఖత్ షెడ్డులో కథలు

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు కరెంటు పోయింది. ఆ రోజుల్లో కరెంటు పోవడం వార్త కాదు. కాకపోతే అప్పుడే ముఖ్య అతిథి మా జైలు డిజిటల్ విద్యా కేంద్రానికి రిబ్బన్ కత్తిరించి, మొదటి కంప్యూటర్ ముందు కూర్చొని, కీబోర్డు మీద వేలు పెట్టాడు. తెర నల్లబడింది. తర్వాత సూపరింటెండెంట్ గారు చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారు కాబట్టి జైలర్ కొట్టాడు. జైలర్ కొట్టాడు కాబట్టి వార్డర్లు కొట్టారు. వార్డర్లు చూస్తున్నారు కాబట్టి ఖైదీలు కొట్టారు. అతిథి నల్లటి తెర ముందు చాలాసేపు టైపు చేశాడు. ఫోటో బాగా వచ్చింది.

నా పక్కన నిలబడ్డ హెడ్ వార్డర్ యాదగిరి పెదవులు కదపకుండా అడిగాడు. "ఏం రాసిండంటరు సార్?"

"కనబడలేదు."

"ఆయనకు గూడ కనవడలే. గదే మంచిగయింది. తప్పులుండవ్."

నేను ఇబ్రహీంపట్నంలో బడిపంతులుగా ఉండి, డిప్యుటేషన్ మీద ఆ జైలుకు వెళ్లి, అక్కడే రిటైరయ్యాను. జైలు పేరు రాయను. అక్కడ పనిచేసిన వాళ్లు ఇంకా మా బస్టాండులో కనబడి నమస్తే పెడతారు. ఈమధ్య జైలు టీచరుగా ఎంపికైన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. "సార్, కంప్యూటర్ చెప్పాలంట, కథలు రాయించాలంట. ఏం చెయ్యాలె?" అని అడిగింది. చాయ్ తాగేలోపు చెప్పగలిగే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

కుందేలు చెప్పిన పాఠాలు

కంప్యూటర్లను ఆదిభట్ల వైపు కొత్తగా వచ్చిన ఒక కంపెనీ ఇచ్చింది. వాళ్ల పేరు నేను చెప్పనక్కరలేదు, గోడ మీద వాళ్లే పెద్దగా రాసుకున్నారు. జైల్లో ఇంటర్నెట్ ఉండకూడదు. అది సరైన నియమమే. అందువల్ల మాది బయటి ప్రపంచంతో సంబంధం లేని డిజిటల్ విద్య. పాఠాలన్నీ ఒక డబ్బాలో నింపి పంపారు. తెరిచి చూస్తే అవి ఐదో తరగతి పిల్లలవి. ఒక కుందేలు గెంతుకుంటూ వచ్చి "హలో పిల్లలూ!" అంటుంది. ఎదురుగా చాపల మీద జీవిత ఖైదీలు, సగం మందికి మీసాలు నెరిశాయి. ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలాయన మొదటి రోజు "ఆఁ, చెప్పు బిడ్డా" అని జవాబిచ్చాడు. ఆ కుందేలుకు మా దగ్గర దక్కిన ఏకైక గౌరవం అదే.

గది తాళం జైలర్ దగ్గర ఉండేది. దుమ్ము పడకుండా ప్రతి కంప్యూటరుకూ జైలు టైలరింగ్ సెక్షన్లో పూల గుడ్డతో తొడుగులు కుట్టారు. ఎవరైనా తనిఖీకి వస్తున్నారంటే తొడుగులు తీసి, శుభ్రంగా కనిపించే ఖైదీలను ఏరి కుర్చీల్లో కూర్చోబెట్టేవారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు కూసునుడు డ్యూటీ. "ఇయ్యాల నాకు కంప్యూటర్ల కూసునుడు పడ్డదిరా. గంటసేపు ముక్కు మీద ఈగ వాలినా తోలొద్దంట" అని చెప్పుకునేవాళ్లు. కొందరికి వంటశాల పని కన్నా అదే కష్టమనిపించేది.

ఆ గదిని నా కాలంలోనే మూడుసార్లు ప్రారంభించారు. రెండోసారి రంగు మార్చి, మూడోసారి పేరు మార్చి. ప్రారంభించిన పనిని కొనసాగించడానికి మాత్రం అతిథులెవరూ రారు. కొత్తవాళ్లు ఇది మొదట తెలుసుకోవాలి.

దాటెయ్యి

జైలుకు రావడానికి ముందు ఏడాది నా భార్య దవాఖానలో చాలాకాలం పడుకుంది. ఆమెకు కళ్లు నొప్పిగా ఉండేవి. మంచం పక్కన కూర్చొని నేను పుస్తకాలు చదివి వినిపించేవాణ్ణి. కథలో చంద్రుడో, మబ్బో, నాయిక కనురెప్పలో వస్తే ఆమె చెయ్యి కొంచెం ఎత్తేది. "దాటెయ్యి. వాళ్లేం చేసిండ్రో చెప్పు" అనేది. ఒక పుస్తకం చివరి భాగం మిగిలి ఉండగానే ఆమె పోయింది. దాన్ని నేను ఇప్పటిదాకా పూర్తి చేయలేదు.

ఆ తర్వాత ఎవరికైనా గట్టిగా చదివి వినిపించకపోతే నాకు రోజు గడిచేది కాదు. జైల్లో వినేవాళ్లు దొరికారు. నా బోధన పద్ధతి అంతా అందులోంచే వచ్చింది. చదివి వినిపించడం, తర్వాత వాళ్లు రాసింది వాళ్లచేత చదివించడం, చంద్రుడు వస్తే చెయ్యి ఎత్తడం. ఇంతకన్నా శాస్త్రం నాకు తెలియదు.

పశ్చాత్తాపం అనే అలవాటు

మొదట్లో వాళ్లు రాసిన ప్రతి కథా ఒకేలా ముగిసేది. దొంగ పశ్చాత్తాపపడ్డాడు. తాగుబోతు పశ్చాత్తాపపడ్డాడు. పులి మేకను తిని పశ్చాత్తాపపడింది. ఎందుకిలా అని అడిగితే ఒకడు నావైపు జాలిగా చూశాడు. "గట్ల రాస్తేనే పెద్దసార్ మంచిగున్నదంటడు గద సార్."

నిజమే. సూపరింటెండెంట్ గారికి సాహిత్యం మీద ప్రేమ ఉండేది. జైలు గోడల మీద నీతివాక్యాలన్నీ ఆయన స్వయంగా రాసినవే, అన్నీ ప్రాసలో. కథ తెస్తే ముందు చివరి పేజీ చూసేవారు. పశ్చాత్తాపం ఉంటే టిక్కు పెట్టేవారు. మనిషి చెడ్డవాడు కాదు. మా జైల్లో ఖైదీని కొట్టడం ఆపించింది ఆయనే. కానీ మంచి జరిగిందని నమ్మాలంటే ఆయనకు వేదిక, మైకు, ఫోటో కావాలి.

అందుకని నేను నేరం గురించి రాయవద్దన్నాను. మారడం గురించి అసలే వద్దన్నాను. ఒక పాఠం పెట్టాను. మీ ఇంటికి దారి రాయండి. ఊరు తెలియని మనిషి ఆ కాగితం పట్టుకొని మీ గుమ్మం ముందు నిలబడాలి. అంతే.

ఈ పాఠాన్ని ఇప్పుడు జైళ్లకు వెళ్తున్న వాళ్లందరికీ సిఫారసు చేస్తాను. ఇందులో పశ్చాత్తాపానికి చోటు లేదు. ఎడమకు తిరగాలా కుడికి తిరగాలా తేల్చి చెప్పాలి. మొదటి రోజే క్లాసులో పెద్ద రచ్చ అయింది. పాత ఖైదీ ఒకాయన చదివాడు: కల్లు కాంపౌండు కాడ బస్సు దిగాలె, ఈతచెట్ల పక్కపొంటి బాట పట్టాలె.

అంతకు ముందు నెలలో లోపలికి వచ్చిన కొత్తవాడు లేచాడు. "ఓ అన్నా, యాడి ఈతచెట్లే? ఆడ విల్లాలు గట్టిండ్రు."

"కల్లు కాంపౌండు?"

"ఫంక్షన్ హాలయింది."

"మరి మా ఇల్లు?"

"నీ ఇల్లు నాకేం ఎర్క? గేటు కాడ సెక్యూరిటోడు ఆపుతడు ముందుగాల."

అందరూ నవ్వారు. పాత ఖైదీ కూడా నవ్వాడు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎకరం ధర గజాల్లోకి మారిన కాలం అది. వాళ్లు లోపల ఉండగా బయట ఊళ్లు కదిలిపోయాయి. కుందేలు చెప్పని భూగోళం ఆ రోజు ఒకరికొకరు చెప్పుకున్నారు.

మైకు

ములాఖత్ అంటే ఖైదీని చూడటానికి ఇంటివాళ్లు రావడం. ఇనుప జాలీకి ఇవతల వీళ్లు, అవతల వాళ్లు, అందరూ ఒకేసారి అరుస్తారు. ఎవరి మాటా ఎవరికీ వినబడదు. ముఖాలు చూసుకొని, చేతులూపి, టైం అయిపోయిందంటే వెళ్లిపోతారు. దాని కోసం పొద్దుటి నుంచి బయట రేకుల షెడ్డులో కూర్చుంటారు. అక్కడ ఒక స్పీకర్ ఉండేది, పేర్లు పిలవడానికి.

డిజిటల్ గదిలో ఒక మైకు కూడా ఇచ్చారు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు యాదగిరి దాన్ని చేత్తో తిప్పుతూ అన్నాడు. "సార్, మీ పోరగాళ్ల కథలు గిండ్ల చదివిపిస్తే, ఆ షెడ్ల కూసున్నోళ్లకు ఏస్తే ఎట్లుంటది? ఉత్తగ ఎండకు మాడుతుండ్రు పాపం."

సూపరింటెండెంట్ వెంటనే ఒప్పుకున్నారు, అందులో మరో ప్రారంభోత్సవం కనిపించింది కాబట్టి. అలా ములాఖత్ రోజుల్లో షెడ్డులో కథలు మొదలయ్యాయి. ఖైదీ తన కథ మైకులో చదువుతాడు, యాదగిరి దాన్ని పెన్ డ్రైవులో ఎక్కించి స్పీకరుకు తగిలిస్తాడు. డిజిటల్ విద్య గురించి నన్నెవరైనా అడిగితే ఇదొక్కటే చెప్తాను. జైలు లోపలి గొంతును యంత్రం బయటికి మోసిన రోజున అది పనికొచ్చింది.

సత్తయ్య

సత్తయ్యది రావిర్యాల పక్క. ధరలు పెరిగిన కొత్తలో పొలం గెట్టు దగ్గర, దాయాది అయిన పాలివాడితో గొడవపడి, పార కర్రతో ఒక్క దెబ్బ కొట్టాడు. మనిషి చచ్చిపోయాడు. జీవిత ఖైదు పడింది. తర్వాత రెండు కుటుంబాలూ భూములు అమ్ముకున్నాయి. కొన్నవాడు రెండింటినీ కలిపి ఒకే గోడ కట్టాడు. ఏ గెట్టు కోసం మనిషి పోయాడో ఆ గెట్టు ఇప్పుడు లేదు. సత్తయ్య ఈ మాట చెప్పినప్పుడు గొంతులో ఏమీ ఉండేది కాదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పేవాడు.

అతని తల్లి ఎల్లమ్మ ఒక్కతే ములాఖత్‌కు వచ్చేది. గుండె బలహీనం. రెండు బస్సులు మారేది. ఆమె ఆరోగ్యం కారణంగా సత్తయ్య పెరోల్ పెట్టుకున్నాడు. ఊరి పోలీసులు అభ్యంతరం లేదన్నారు. జైలు నుంచి సిఫారసు వెళ్తే చాలు. తల్లి బతికి ఉండగా ఒకసారి ఇంట్లో కూర్చొని ఆమెతో మాట్లాడాలి. అతను కోరింది అంతే.

దారి పాఠంలో అతను దారి రాయలేదు, కథ రాశాడు. ఒక ఖైదీ మధ్యాహ్నం ఎరువు ట్రాక్టర్ వెనక నడుచుకుంటూ గేటు దాటి ఊరికి పోతాడు. ఊరి బాట కనబడదు, పెద్ద గోడ కనబడుతుంది. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు గుర్తింపు కార్డు అడుగుతాడు. ఇతని దగ్గర ఉన్నది ఖైదీ నంబర్ ఒక్కటే. గార్డు ఆ నంబర్ రాసుకొని, మెడలో విజిటర్ బిళ్ల వేస్తాడు. ఆ బిళ్లతో తన చేన్లో తాను తిరుగుతాడు. బావి ఉన్నచోట కంపెనీ బస్సులు ఆగి ఉంటాయి. "గీడ జొన్న మంచిగ పండేది" అని డ్రైవరుతో అంటాడు. డ్రైవర్ ఫోన్లోంచి తలెత్తడు. గోడ అవతల తల్లి నిలబడి ఉంటుంది. ఇతను పిలుస్తాడు. ములాఖత్‌లో అరిచినట్టు అరుస్తాడు. ఆమెకు వినబడదు. సాయంత్రం ఖైదీలను లెక్కపెట్టే వేళకు జైలుకు తిరిగొస్తాడు. "ఏడికి పోయినవ్?" అంటాడు గేటు మీది వార్డరు. "ఇంటికి. లేదు ఆడ" అంటాడు.

నేను చెయ్యి ఎత్తలేదు. దాటేయాల్సింది ఏమీ లేదు.

తర్వాతి ములాఖత్ రోజున అది షెడ్డులో వినిపించింది. ఎల్లమ్మ అక్కడే ఉంది. మొదట చుట్టూ వెతికింది. తర్వాత స్పీకర్ కిందికి పోయి నిలబడింది. పక్కనున్న ఆవిడ మాట్లాడబోతే, "జర సప్పుడు చెయ్యకు బిడ్డా. మా సత్తిగాడు మాట్లాడుతుండు" అంది. జాలీ దగ్గర ఇన్నేళ్లుగా వినబడని కొడుకు గొంతు ఆమెకు ఆ రోజు పూర్తిగా వినబడింది.

అదే సమయంలో జైలర్ కూడా ఆ పక్కగా పోతున్నాడు. ఆయనకూ వినబడింది.

విచారణ

జైలర్ భయస్తుడు. గతంలో వేరే జైల్లో ఒకడు పారిపోతే ఈయన చాలా ఇబ్బందిపడ్డాడు. అప్పటినుంచి గాలి వీచినా గేటు వైపు చూసేవాడు. సత్తయ్యనూ నన్నూ పిలిపించాడు.

"ఏంది సార్ ఇది?"

"కథ సార్" అన్నాను.

"కథనే. ట్రాక్టర్ నిజమే గదా?"

"నిజమే."

"గేటు?"

"అదీ నిజమే."

"రోజూ మధ్యాన్నం ట్రాక్టర్ పోవుడు నిజమేనా, కాదా?"

"నిజమే సార్."

"మరి గిండ్ల అబద్ధం ఏడున్నది?"

సత్తయ్య నెమ్మదిగా అన్నాడు. "పోవుడు అబద్ధం సార్. నేను ఈడనే ఉన్న గద."

"ఇప్పుడున్నవ్. రేపు?"

ఆ ప్రశ్నకు సాహిత్యంలో జవాబు లేదు. ఆ రోజు నుంచి ఎరువు ట్రాక్టర్ బయటికి పోయే ముందు ఇనుప చువ్వలతో పొడిచి చూడటం మొదలైంది. ట్రాక్టర్ డ్రైవర్ మొత్తుకున్నాడు. "పెండల ఎవడు దాసుకుంటడు సార్? నాకే ఊపిరాడదు." అతని మాట ఎవరూ వినలేదు.

పెరోల్ ఫైలు మీద జైలర్ తన అభిప్రాయం రాశాడు. 'ఈ ఖైదీకి ఇంటికి పోవాలనే ఆలోచన ఉన్నట్లు తెలియుచున్నది. కావున పెరోల్ సిఫారసు చేయుట శ్రేయస్కరం కాదు.'

నేను ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. వాక్యనిర్మాణంలో లోపం లేదు. ఇంటికి పోవాలనే ఆలోచన లేని ఖైదీ దొరికితే వెంటనే ఇంటికి పంపడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు.

సవరణ

నేను సూపరింటెండెంట్ గారి దగ్గరకు వెళ్లాను. ఆయన కథ చదివారు, చివరి పేజీ నుంచి. "బాగానే రాశాడు. కానీ అనుమతి లేకుండా పోయాడు, అదే సమస్య. మన జైళ్ల మధ్య కథల పోటీ ఉంది. కొంచెం సవరిస్తే కథకు బహుమతి వస్తుంది, ఫైలూ కదులుతుంది. రెండూ అయిపోతాయి" అన్నారు.

సవరణ కోసం కమిటీ కూర్చుంది. ఆయన, జైలర్, నేను. ట్రాక్టర్ తీసేసి ప్రభుత్వ బస్సు పెట్టారు. కథానాయకుడు ముందు దరఖాస్తు పెట్టుకుంటాడు, ఇద్దరి జామీను ఇస్తాడు, పోలీసు విచారణ పూర్తవుతుంది. ఈ భాగమే సగం కథ అయింది. తర్వాత ఊరికి పోయి విశాలమైన రోడ్లు, కంపెనీలు చూసి ఆనందిస్తాడు. గార్డు అతనికి సెల్యూట్ కొడతాడు. పశ్చాత్తాపపడతాడు. గడువు కన్నా ముందే జైలుకు వస్తాడు. పేరు 'నవోదయం' అని మార్చారు.

సత్తయ్య అంతా విన్నాడు. "మంచిగనే ఉంది సార్. గిండ్ల మా అమ్మ ఏడుంది?"

సూపరింటెండెంట్ గారు కలం తీశారు. "తల్లి ఆశీర్వదించింది అని ఒక వాక్యం వేద్దాం."

"ఏం మాట్లాడకుంటనా సార్?"

"ఆశీర్వాదంలో అన్నీ వస్తాయయ్యా."

సత్తయ్య ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో ఆ గదిలో అందరికీ తెలుసు. దాన్ని మైకులో చదివాడు కూడా. జైలర్ తన అభిప్రాయం మార్చుకున్నాడు. ఫైలు పైకి పోయింది.

కొత్త కథ షెడ్డులో వేసిన రోజు ఎల్లమ్మ మళ్లీ స్పీకర్ కింద నిలబడింది. కాసేపు విని యాదగిరిని పిలిచింది. "ఓ నాయినా, గొంతు మా సత్తిగానిదే. మాట వానిది గాదు. ఆ మొన్నటిది పెట్టు జర."

"అది పెట్టొద్దన్నరు పెద్దమ్మా."

"ఎవరన్నరు?"

"పెద్దసార్లు."

"వాళ్లు ఇన్నరు గద. నాకెందుకు వద్దంట?"

యాదగిరి జైలర్ గది వైపు చూశాడు. ఆయన భోజనానికి పోయాడు. పాత కథ వేసి, వాల్యూమ్ తగ్గించి, ఆమెను స్పీకర్ కింద స్టూలు మీద కూర్చోబెట్టాడు. తర్వాత నాతో అన్నాడు. "సార్, నా నౌకరి పోతే మీ ఇంటికాడనే తింట. ముందే చెప్తున్న."

అతని ఉద్యోగం పోలేదు. ఎల్లమ్మ షెడ్డుకు రావడం అదే చివరిసారి.

వేదిక

పెరోల్ మంజూరైంది. ఆ కాగితం మా ఆఫీసుకు వచ్చిన రోజు నేను సత్తయ్యకు చెప్పబోతుంటే సూపరింటెండెంట్ గారు ఆపారు. కథల పోటీ బహుమతుల సభ దగ్గరలోనే ఉంది. 'నవోదయం'కు మొదటి బహుమతి ఖాయం. అదే వేదిక మీద ముఖ్య అతిథి చేతుల మీదుగా బహుమతీ, పెరోల్ కాగితమూ కలిపి ఇస్తే?

"సార్, వాళ్లమ్మ మంచంలో ఉందట. ఆమె మేనల్లుడొచ్చి చెప్పి పోయిండు. కాగితం ఇప్పుడిచ్చేద్దాం. సభ రోజు మళ్లీ ఇచ్చినట్టు ఫోటో దిగుదాం" అన్నాను.

ఆయన కోపపడలేదు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు. "మాస్టారూ, వీళ్ల పేరు నలుగురిలో పిలిచింది ఒక్కసారే, కోర్టులో. రెండోసారి మంచికి పిలవాలని నా కోరిక. అతను నడుచుకుంటూ వేదిక ఎక్కాలి. అందరూ చప్పట్లు కొట్టాలి. నాలుగు రోజుల్లో ఏమవుతుంది?"

ఆ మాట ఆయన మనసులోంచే వచ్చింది. అందుకే నాకు వాదించడం చేతకాలేదు. చెడ్డ అధికారితో తగువు పెట్టుకోవచ్చు. మంచి చేయాలనుకునే అధికారి చేతిలో కాగితం పడితే దాన్ని లాక్కోవడం కష్టం.

అతిథికి వేరే ప్రారంభోత్సవం తగిలింది, సభ వాయిదా పడింది. మళ్లీ తగిలింది, మళ్లీ వాయిదా పడింది. పెరోల్ కాగితం ఎర్ర రిబ్బన్ కట్టిన కవరులో, బహుమతి షీల్డు పక్కన, బీరువాలో ఉంది.

మేనల్లుడు మళ్లీ వచ్చాడు. ఈసారి ములాఖత్ అడగలేదు. గేటు దగ్గరే చెప్పాడు.

సూపరింటెండెంట్ గారు స్వయంగా బీరువా తెరిచారు. రిబ్బన్ ముడి రాలేదు, పళ్లతో కొరికి తెంపారు. కాగితం సత్తయ్య చేతిలో పెట్టారు. ఆయన చేతుల మీదుగా జరిగిన పనుల్లో ఫోటో లేనిది నాకు తెలిసి అదొక్కటే.

గోడ వెంబడి

నాది అదే దారి కాబట్టి సత్తయ్యతో పాటు బస్సెక్కాను. బొంగ్లూరు గేటు స్టాపులో దిగి ఆటో మాట్లాడాం. ఆదిభట్ల దాటాక ఆటోవాడు "ఇంకెటు అన్నా?" అని అడిగాడు. సత్తయ్య అటూ ఇటూ చూశాడు. పైన పెద్ద రోడ్డు, కింద గోడ. కంపెనీ బస్సులు వరసగా పోతున్నాయి, లోపల కుర్ర ఉద్యోగులు నిద్రపోతున్నారు.

"ఎర్క లేదు" అన్నాడు.

ఆ గోడకున్న గేటు దగ్గర గార్డును అడిగాం. కథలోలాగా అతను గుర్తింపు కార్డు అడగలేదు. ఎండలో వచ్చారని నీళ్లిచ్చాడు. "ఊళ్లెకా? గోడ వెంబడి పోండి అన్నా. అయిపోయేదాక పోవాలె. అయిపోయినంక ఎవర్నన్న అడుగుండ్రి." కథ రాసేవాళ్లకు ఇది కూడా చెప్పాలి. మనుషులు కథలో కన్నా మంచివాళ్లుగా ఉండటం అప్పుడప్పుడు జరుగుతుంది. దానివల్ల దారి ఏమీ తగ్గదు.

గోడ వెంబడి నడిచాం. మేం చేరేసరికి మట్టి చేశారు. మధ్యాహ్నం దాకా చూశామనీ, ఇక ఆగలేకపోయామనీ చెప్పారు. పాత బొందలగడ్డ గోడ లోపలికి పోయింది కాబట్టి కొత్తచోట పూడ్చారు. సత్తయ్య పిడికెడు మట్టి వేసి అక్కడే కూర్చున్నాడు.

పక్కింటావిడ వచ్చి అతని పక్కన కూర్చుంది. "ఆఖరికి గూడ వచ్చి పోతివి గద సత్తీ. అత్తమ్మ మస్తు సంబురపడ్డది."

"నేనెప్పుడొచ్చిన వదినే?"

"గదే, మొన్న. గోడ అవతల నిలవడి పిలిచినవంట గద. ఎవలొచ్చినా గదే చెప్పింది. మా సత్తిగాడు ట్రాక్టర్ ఎనుక నడుచుకుంట వచ్చిండు, గోడకాడ నిలవడి అమ్మా అని పిలిచిండు, జెయిలోళ్లు తిడ్తరని మల్ల జల్ది పోయిండు అని."

సత్తయ్య చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. తర్వాత అడిగాడు. "ఇనవడ్డదన్నదా?"

"మంచిగ ఇనవడ్డదన్నది."

సత్తయ్య తల కిందికి దించుకున్నాడు. ఆ కథ జరిగిందని నమ్మినవాళ్లు ఇద్దరే, జైలరూ ఎల్లమ్మా. కొడుకు కథలో తల్లికి వినబడలేదని రాసిన చోటును ఆమె ఒప్పుకోలేదు. ఇన్నేళ్ల బోధనలో నేను చూసిన పెద్ద సవరణ అది. దానికి కమిటీ కూర్చోలేదు.

కొత్తగా వెళ్తున్న వాళ్లకు

సత్తయ్య గడువు రోజున జైలుకు తిరిగొచ్చాడు. సభ ఆ తర్వాత జరిగింది. 'నవోదయం'కు మొదటి బహుమతి వచ్చింది. అతని పేరు మైకులో పిలిచారు. నడుచుకుంటూ వేదిక ఎక్కాడు. చప్పట్లు కొట్టారు. సూపరింటెండెంట్ గారు మాత్రం ఆ సమయానికి లేచి పక్క గదిలోకి వెళ్లారు. సత్తయ్య తర్వాత కూడా రాశాడు, విడుదలయ్యేదాకా. ఏ కథలోనూ ఊరు రాలేదు.

రాయడం వల్ల ఖైదీలు మారతారా అని ఆ అమ్మాయి అడిగింది. తెలియదన్నాను. మారారని నివేదికల్లో రాసిన వాళ్లలో కొందరు మళ్లీ లోపలికి వచ్చారు, మారలేదన్న వాళ్లు కొందరు రాలేదు. నాకు తెలిసింది ఇంతే. మనిషికి తన మాటను సరిగ్గా ఒకచోట పెట్టుకునే వీలు దొరుకుతుంది. ఎవరో ఒకరు దాన్ని చివరిదాకా వింటారు. జైల్లో ఈ రెండూ దొరకవు, బయట కూడా అంత సులభంగా దొరకవు. కంప్యూటర్ ఇస్తే తీసుకోండి. తొడుగు తీసెయ్యండి. కుందేలును ఆపి మైకు వెతకండి. పశ్చాత్తాపం కనిపిస్తే చెయ్యి ఎత్తండి.

మరో మాట కూడా ఆమెకు చెప్పాను. ఖైదీలచేత ఏ ప్రదేశానికీ దారి రాయించకూడదని మా జైల్లో తర్వాత ఒక ఉత్తర్వు వచ్చింది. షెడ్డుకు కొత్త రేకులు వేశారు, ఫ్యాన్లు పెట్టారు, పెద్ద టీవీ బిగించారు. దాన్నీ ఎవరో వచ్చి ప్రారంభించారు. అందులో జైలు గురించి తీసిన వీడియో తిరుగుతూ ఉంటుంది. ములాఖత్‌కు వచ్చినవాళ్లు దాని కింద కూర్చొని తమ పేరు పిలిచేదాకా చూస్తారు.

ఖైదీల గొంతుతో కథలు ఆ షెడ్డులో ఇప్పుడు వినిపించడం లేదు.